గాలిలో కొలిచిన చక్రాలు

ఆ శనివారం ఉదయం వెండెల్ ప్రూయిట్ వేసుకున్న పథకం చిన్నదే. కొత్త చక్రాలు బిగించుకుని, పదింటికల్లా శాక్రమెంటో స్పోర్ట్స్ కార్ల వాళ్ల కాఫీ సభకు వెళ్లి, ‘చక్రాలు చక్కగా అమరిన కారు’ కప్పు కొట్టుకురావాలి. మూడేళ్లుగా ఆ కప్పు కోసం అతను పడని పాటు లేదు. కారుతో వచ్చిన కంపెనీ చక్రాలను పోయిన వారమే పక్కింటి ఒటిలీ గారికి ఊరికే ఇచ్చేశాడు. లైబ్రరీలో పనిచేసి రిటైరైన ఆవిడకూ అదే మోడల్ కారుంది, దాని చక్రాలు పాతబడిపోయాయి.

“మీ వయసుకి ఇవి చాల్లెండి,” అని కూడా అన్నాడు మహానుభావుడు.

కొత్తవి బాగా వెడల్పు. చక్రం మీద కప్పి ఉండే రేకు, అదే ఫెండరు, దాని అంచుతో చక్రం సమంగా లేకపోతే అది కారే కాదని ఇంటర్నెట్‌లో కార్ల పిచ్చోళ్ల ఫోరంలో ముక్కూమొహం తెలియనివాడెవడో శాసించాడు మరి. కొనేముందు వెండెల్ కారును జాకీ మీద ఎత్తి, చక్రం కిందికి వేలాడుతుండగా పైన ఎంత చోటుందో చూశాడు. నాలుగు వేళ్లు పట్టాయి.

“దించాక కొలవొచ్చుగా?” అంది భార్య లోర్నా.

“నీకు తెలీదులే. పదకొండేళ్లుగా ఫోరం చదువుతున్నా!”

శనివారం కారు జాకీ దిగింది. బరువు పడగానే నాలుగు వేళ్ల చోటూ మాయమైంది. వీధి మలుపులోనే ఫెండరు టైరును బరబరా గీరింది. ఫోరంను అడిగితే “అంచు లోపలికి మడిచెయ్” అంది. బేస్‌బాల్ బ్యాటు దూర్చి మడిచాడు. ఎర్ర రంగు పెచ్చులుగా ఊడింది. అయినా ఎడమకు తిరిగితే గీరుతూనే ఉంది.

“ఇంట్లో ఉండరాదూ!” అంది లోర్నా.

“కుడికే తిరుగుతూ వెళ్తా!”

వెళ్లాడు కూడా. పావుగంట దారికి గంట పట్టింది. తీరా సభ జరిగే చోట గేటు దగ్గర స్పీడ్ బ్రేకరు ఎక్కగానే టైరు ఢామ్మంది, ఫెండరు ఊడి వేలాడింది. వెనక కార్లన్నీ హారన్లు మోగించాయి. వెండెల్‌కు ఏడుపొక్కటే తక్కువ.

లోపల అప్పుడే కప్పు ఇస్తున్నారు, ఒటిలీ గారికి.

“ఇంత కుదురుగా అమరిన చక్రాలు ఈ ఏడాది చూడలేదు. ఎక్కడ దొరికాయండీ?” అన్నాడు జడ్జి.

“మా పక్కింటబ్బాయి ఇచ్చాడు. నా వయసుకి చాలన్నాడు,” అని ఆవిడ గేటు వైపు చెయ్యి ఊపింది. “ఏం అబ్బాయ్, ఇంటిదాకా దింపనా?”

కప్పు ఒళ్లో పెట్టుకుని వెండెల్ ఆవిడ పక్క సీట్లో ఇంటికొచ్చాడు. దారిలో ఏడు ఎడమ మలుపులు వచ్చాయి. ఒక్కదాని దగ్గరా ఏదీ గీరలేదు.