నిక్కరు చూపించిన పాత చర్చి

పాత చర్చి చూడాలన్నది అత్తగారి కోరిక. కొడుక్కి సెలవు దొరకలేదు. అందుకని ఆ రోజు పొద్దున్నే కోడలు రెండేళ్ళ బుజ్జిగాణ్ణి చంకనేసుకుని, ఆవిడను వెంటబెట్టుకుని టూరు బస్సు ఎక్కి, చివరి సీట్లో కూర్చుంది. సంచిలో పాలసీసా, జ్వరం మందు, దగ్గు మందు, రెండూ కలిసొస్తే వేసే మందు, మూడు నిక్కర్లు. ఇన్ని సర్దుకున్నా భయం తగ్గలేదు. కారణం డ్రైవరు.

"టైముకి సీట్లో లేకపోతే నేను ఆగను. పోయినసారి కొత్త జంటని వదిలేసి వచ్చేశా. ఏం, వాళ్ళు ఇల్లు చేరలేదా?" అన్నాడతను మీసం సవరించుకుంటూ.

గైడు మాత్రం మర్యాదస్తుడు. కర్రకు కట్టిన ఎర్ర గుడ్డ ఎత్తి చూపించాడు. "దీని మీంచి చూపు తిప్పకండి. ఇదెటు వెళ్తే మీరూ అటే."

చర్చి ఆవరణలో అడుగుపెట్టేసరికే రెండు నిక్కర్లు ఖర్చయిపోయాయి. "మీరు పదండి అత్తయ్యా, వీణ్ణి కడిగి తీసుకొచ్చేస్తా" అని కోడలు కుళాయి దగ్గర ఆగిపోయింది. మూడోది వాడికి తొడిగి, తడిసిన ఎర్ర నిక్కరును ఉతికి పిండి, ఆరడానికి గొడుగు కొనకు తగిలించి ఎత్తి పట్టుకుంది. అలాగే గబగబా పక్క గుమ్మంలోంచి లోపలికి నడిచింది.

లోపల చల్లగా, మసకగా ఉంది. రంగుటద్దాల్లోంచి నీలం వెలుగు నేలమీద పడుతోంది. ఇంత మందం గోడలు ఏ చేతులు కట్టాయో అని ఆమె నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే అసలు గైడు స్తంభాల చాటుకు వెళ్ళాడు. జనానికి మళ్ళీ ఎర్రగా కనిపించింది ఈమె గొడుగు కొనన ఉన్న నిక్కరే. లోపల చూపించడానికి వేరే గైడు కాబోలు అనుకున్నారు.

ఆమె బుజ్జిగాడి ముక్కు తుడవడానికి ఒక సమాధి రాయి పక్కన ఆగింది. తుడిచి తలెత్తితే చుట్టూ మనుషులు.

"ఇదెవరిదమ్మా?" అని అడిగాడు కళ్ళద్దాల పెద్దాయన.

చదువు మధ్యలో ఆగిపోయిన తనను ఇంత పెద్దాయన అడగడమేమిటని ఆమె కంగారుపడింది. "తెలీదండీ."

"తెలీదట!" అన్నాడాయన వెనక్కి తిరిగి.

"ఎవరికీ తెలీదట!" అంది ఆయన భార్య.

చివరి వరసకు చేరేసరికి అది పండితులు బుర్రలు బద్దలుకొట్టుకున్నా తేలని రహస్యమైంది. వెనకున్నవాళ్ళు ముందుకు తోసుకొచ్చారు.

"మీరంతా నా వెనకాల ఎందుకండీ..." అని ఆమె అనబోతుండగా బుజ్జిగాడు చెవిలో చెప్పాడు. "అమ్మా, ఉచ్చ."

ఉన్నది ఆ ఒక్క నిక్కరే! ఆమె పరుగందుకుంది.

"పదండి, పదండి! ఏదో తలుపు తీసి చూపిస్తారట!"

బలిపీఠం పక్కన చిన్న తలుపు, కిందికి మెట్లు. బాత్రూము కాబోలని దిగింది. చీపుళ్ళ గది. చేతికందిన బకెట్టు లాగి వాణ్ణి నిలబెట్టింది. వాడు నిదానంగా కానిస్తుంటే అప్పుడు చూసింది, మూలన బూజు పట్టిన చెక్క దేవదూతను. ఒకటే రెక్క. బుగ్గ మీద ఉలి గీతలు ఇంకా కనిపిస్తున్నాయి.

మెట్ల నిండా జనం. "రెండో రెక్క ఏమైందమ్మా?" "దీన్నిక్కడ దాచిపెట్టారేం?"

"నాకేం తెలుసండీ!" ఆమెకు ఏడుపొచ్చేసింది. "నేను గైడుని కాదు. ఇది మావాడి నిక్కరు. అక్కడ బస్సు వెళ్ళిపోతుంది, మా అత్తయ్య ఒక్కరే ఎక్కడున్నారో..."

"ఇక్కడే ఉన్నానమ్మాయ్" అంది పైమెట్టు మీంచి అత్తగారు. "ఆ గైడు వెనకాల తిరిగితే అన్నీ తారీకులే. ఇదే బావుంది."

"మరి బస్సో?"

జనంలోంచి ఒక చెయ్యి మెల్లగా లేచింది. "నేనూ ఇక్కడే ఉన్నానండీ" అన్నాడు డ్రైవరు, చూపు దించుకుని. "గుమ్మంలోంచి చూస్తుంటే అందరూ ఒక్కసారిగా పరుగెత్తేసరికి, నన్ను వదిలేసి పోతున్నారేమోనని భయమేసింది."

అప్పుడొచ్చాడు గైడు, రొప్పుతూ. వెనక ఒక్క పురుగు లేదు. తిట్టడానికి నోరు తెరిచాడు గానీ, దేవదూతను చూసి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఏళ్ళ తరబడి ఈ చర్చికి వస్తున్నా ఆయన ఎన్నడూ ఆ మెట్లు దిగలేదు. దగ్గరికి వెళ్ళి, విరిగిన చోట వేలితో తడిమి, "రెండో రెక్క ఏమైందమ్మా?" అని ఆమెనే అడిగాడు.

ఆమె అప్పటికే మెట్లెక్కేసింది, వెనకాల అందరూ.

బస్సు బయలుదేరింది. గైడు ఇంకా ఆ గదిలోనే ఉన్నాడన్న సంగతి ఊరు దాటాక గానీ ఎవరికీ తట్టలేదు.