వెయిటింగ్ హాల్లో టీవీ చల్లగా ఉండాలి!

ఆస్పత్రి వెయిటింగ్ హాల్లో టీవీ ఎంత గట్టిగా మోగితే జనానికి అంత ఆరోగ్యం! నవ్వకండి. ముప్పై ఏళ్లు మైకుసెట్లు అద్దెకిచ్చి పిల్లల్ని పెంచినవాణ్ణి. మోత విలువ నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

మొన్న మా అమ్మాయితో కలిసి మనవరాలు గువ్వను ఆటిజం పరీక్షకు తీసుకెళ్లాను. గువ్వకు ఐదేళ్లు. మాటలు తక్కువ, చెవులు మాత్రం మహా చురుకు. పక్కింట్లో మిక్సీ తిరిగినా తట్టుకోలేదు. మెదడు అల్లికే వేరట, మాత్రలతో పోయేది కాదట, ఎంత తొందరగా థెరపీ మొదలుపెడితే అంత మంచిదట. పరీక్ష అయితేనే థెరపీలో సీటు. ఆ సీటు కోసం మా అమ్మాయి ఏడాదిగా ఎదురుచూస్తోంది.

ఇక ఆ హాలు వైభవం చెప్పాలా! గోడంత టీవీ. అందులో నలుగురు పెద్దమనుషులు ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. టోకెన్ మారినప్పుడల్లా బజర్. నెత్తిన టపటపా కొట్టుకునే ట్యూబ్‌లైట్లు. పెళ్లిళ్లలో కూడా నేనింత ఘనంగా ఏర్పాటు చేయలేదు!

లాభాలు ఒకటా రెండా? ఏ పిల్లకు మోత పడదో లోపలికి వెళ్లకుండానే తేలిపోతుంది. పెద్దలకూ ఉచితంగా పరీక్ష! గంట తిరిగేసరికి నా పక్కనున్న పెద్దాయన కుర్చీలో ఊగడం మొదలుపెట్టాడు. ఆయన భార్య ‘ఇంకెంతసేపు, ఇంకెంతసేపు’ అని ఒకటే జపం. నేను నా చెవులు మూసుకున్నాను.

గువ్వ కుర్చీ కిందకి దూరింది. టీవీ తగ్గించమని కౌంటర్లో అమ్మాయిని బతిమాలాను. తగ్గిస్తే మిగతావాళ్లకు బోరు కొడుతుందట. ఎవరబ్బా ఆ మిగతావాళ్లు అని హాలంతా కలయజూశాను. ఎవరూ టీవీ వైపు చూడటం లేదు.

చివరికి మా వంతు వచ్చింది. డాక్టరమ్మ మంచి మనిషి. రంగురంగుల చెక్కముక్కలు ముందుపెట్టి, ఏ రంగుకా రంగు వేరు చేయమని ఎంతో ఓపిగ్గా అడిగింది. ఇంట్లో గుండీలన్నీ అలా పేర్చే పిల్ల, గోడవైపు తిరిగి వెక్కుతూ కూర్చుంది. పాప బాగా బెదిరిపోయింది, ఇవాళ కుదరదు, మూడు నెలలాగి రమ్మంది డాక్టరమ్మ. మా అమ్మాయి ముఖం చూడలేకపోయాను.

“ఈలోగా పాపను టీవీ మోతకి దూరంగా ఉంచండి తాతగారూ.”

“అలాగేనమ్మా. మళ్లీ ఎప్పుడు రావాలో ఎవరు చెప్తారు?”

“హాల్లో కూర్చోండి, పిలుస్తారు.”

కూర్చున్నాం. గువ్వ మళ్లీ కుర్చీ కిందకి వెళ్లింది. నాకు ఒళ్లు మండిపోయింది. బతుకంతా సౌండ్ పెంచి తిండి తిన్న నేను లేచి వెళ్లి టీవీ ప్లగ్ పీకేశాను. హాల్లో ఒక్కరికీ బోరు కొట్టలేదు!

కాసేపటికి గువ్వ బయటికొచ్చింది. కౌంటర్ మీది ట్రేలో కలగాపులగంగా పడున్న ప్లాస్టిక్ టోకెన్లను నేలమీద గుమ్మరించింది. ఎర్రవి ఒక వరస, పచ్చవి ఒక వరస, నీలివి ఒక వరస, చకచకా పేర్చేసింది.

ఇంతలో కౌంటర్లో అమ్మాయి మమ్మల్ని పిలిచి తేదీ చెప్పింది. సరిగ్గా మూడు నెలల తర్వాత.