ఇరవై రెండు బొటనవేళ్లు

హయాత్ బాషా ఆ ఉదయం వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. కొత్తగా వచ్చిన కార్మిక చట్టం ప్రకారం ఏడాది పనిచేసిన ప్రతివాడికీ ముప్పై రోజుల సెలవు ఇవ్వాలి. రేపు తనిఖీ. అజ్మాన్‌లోని ఆ సిమెంటు ఇటుకల కార్ఖానాలో పదకొండు మంది కూలీలున్నారు. మధ్యాహ్నంలోగా పదకొండు సెలవు కాగితాల మీద వేలిముద్రలు పడాలి. పడకపోతే వేరే ఫోర్‌మన్‌ను చూసుకుంటానని యజమాని, అందరూ ముదీర్ అని పిలిచే అరబ్బు, ముందురోజే చెప్పాడు.

నంబర్లు రాసుకోవడానికి బాషా ఇనుప బీరువాలోంచి పాస్‌పోర్టులు తీసి బల్ల మీద పెట్టాడు. మొదట లచ్చన్నను పిలిచాడు.

"ముప్పై దినాలు సెలవప్పా. ఇంటికి పోయి రా. ఇక్కడ ఏలు పెట్టు."

లచ్చన్న కాగితం వైపు చూడలేదు. పాస్‌పోర్టు వైపు చూశాడు. ఆ బీరువాలోంచి పాస్‌పోర్టు బయటికొచ్చిన వాళ్లెవరూ, అతనిక్కడికి వచ్చిన ఈ నాలుగేళ్లలో, తిరిగి రాలేదు.

"నేనేం తప్పు జేసిన భాయ్?"

"తప్పేందప్పా? కొత్త కానూను ఇది!"

"పోయినోళ్లకు గూడ గిట్లనే ఏదో ఒకటి జెప్పిండ్రు. జర ఆగు, చెయ్యి కడుక్కొని వస్త."

వచ్చేసరికి అతని రెండు బొటనవేళ్లకూ గుడ్డలు కట్టి ఉన్నాయి.

"ఇటుక పడ్డది భాయ్."

"రెండిటి మీదా?"

"పెద్ద ఇటుక."

తరువాత వచ్చిన పోచన్నకూ రెండు గుడ్డలే. పది గంటలకల్లా కార్ఖానాలో గుడ్డ లేని బొటనవేలు బాషాది మాత్రమే. ఇటుకలు మాత్రం ఎప్పటిలాగే తయారవుతున్నాయి.

"ఒక్కడికైనా ఏలు బాగుండకూడదా?" అన్నాడు బాషా.

"మా గాచారం భాయ్," అన్నాడు పోచన్న.

అప్పుడే ముదీర్ వచ్చాడు. కొత్త చట్టంలో ఆయన బాగా చదివింది గాయాల భాగం. పనిలో దెబ్బ తగిలితే పోలీసులకూ కార్మిక శాఖకూ తెలపాలి, వైద్యం యజమానే చేయించాలి.

"పదకొండు మందికా? రేపు తనిఖీ పెట్టుకునా? యల్లా, బండెక్కండి!"

క్లినిక్‌లో డాక్టరు ఇరవై రెండు గుడ్డలూ విప్పి, "దెబ్బలేవీ?" అన్నాడు.

ముదీర్ బాషాను చూశాడు. బాషా లచ్చన్నను చూశాడు.

"మమ్ములను పంపియ్యకు సాబ్," అన్నాడు లచ్చన్న తనకొచ్చిన హిందీలో. "పాస్‌పోర్టులు బయటికి దీసిండ్రు."

"పని ఖలాస్ కాదయ్యా, సెలవు!" అన్నాడు ముదీర్. "నెల జీతమిచ్చి, మళ్లీ పనిలోకి తీసుకోవాలి. చట్టం!"

పదకొండు మందీ ఒకేసారి వేళ్లు చాపారు. "నేను ముందుగాల", "నేను ముందుగాల" అని క్లినిక్ మారుమోగింది.

తిరిగొచ్చి అందరూ ముద్రలు వేశారు. మధ్యాహ్నానికి ఇంకా పావుగంట ఉంది. బాషా ఊపిరి పీల్చుకున్నాడు.

"సెలవు ఎవరికెప్పుడో నిర్ణయించేది నేనే. అదీ చట్టంలోనే ఉంది," అన్నాడు ముదీర్. "ముందు ఆరేళ్లుగా సెలవు తీసుకోనివాడు వెళ్తాడు. ఆ నెల పని లచ్చన్న చూసుకుంటాడు."

ఆయన బీరువా తెరిచి, బాషా పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టాడు.

చేయి కడుక్కుని వస్తానని చెప్పి బాషా బయటికి వెళ్లాడు.