రామాంజులు ముఖానికి సరిపడే ఫార్మాట్

మనిషికి ముఖం ఇచ్చేది దేవుడే గానీ, దాన్ని ముఖమని ఒప్పుకునేది మాత్రం అరబ్బు దేశంలో, సబ్హాన్‌లోని ఓ గిడ్డంగుల కంపెనీవారి ముఖచిత్ర పరిశీలన విభాగం. ఆ కంపెనీలో పెట్టెలు మోసే రామాంజులుకు ఈ సంగతి, రాయచోటిలో భార్య సుధారాణికి నెలలు నిండాయని సెలవు అడిగినప్పుడు తెలిసింది. సెలవుల యాప్ అతణ్ణి కొత్త ఫోటో అడిగింది.

మనవాళ్లెక్కువగా ఉండే అబ్బాసియాలో స్టూడియో నడిపే అన్వర్ బాషా ఫోటో తీసి, అందరికీ ఇచ్చే జేపెగ్ ఫైలే ఇచ్చాడు. ఆ విభాగపు సహాయ ముఖాధికారి బుడేన్ సాహెబ్ (కడప మనిషి, మర్యాదస్తుడు, కాదని చెప్పేటప్పుడు టీ కూడా ఇప్పిస్తాడు) దాన్ని తిప్పి పంపాడు.

"జేపెగ్ అంటే ఫైలు చిన్నగా చేసేదానికి మొగంలో కొంత వదిలేస్తాది నాయనా. కొంత మనిషికి సెలవిస్తే మిగతాది యాడుందని పైనోళ్లు అడుగుతారు. ఏమీ వదలని 'రా' ఫైలు తీసుకురా."

జేపెగ్‌లోంచి రా పుట్టదు గనక, అన్వర్ బాషా కెమెరా మెనూలో ఫార్మాట్ మార్చి మళ్లీ తీశాడు. ఆ ఫైలు ఆఫీసు కంప్యూటర్లో తెరుచుకోలేదు.

"రా అంటే పచ్చిది కదప్పా. పచ్చిది మా సిస్టానికి అరగదు," అన్నాడు బుడేన్ సాహెబ్.

దాన్ని టిఫ్ అనే ఇంకో రకం ఫైల్లోకి మార్చి తెస్తే, బరువెక్కువన్నారు. (పెట్టెలు మోసేవాడి విషయంలో ఆ కంపెనీ బరువు గురించి ఆలోచించడం అదే మొదటిసారి.)

"బాషన్నా, ఆడ నొప్పులొచ్చేట్టుండాయి. ఈడ నా మొగం తేలడంల్యా," అన్నాడు రామాంజులు.

"ఏడుపు మొగం పెడితే అదొక తకరారు. నిమ్మళంగా కూచో," అని అన్వర్ బాషా, రా, జేపెగ్ రెండూ ఒకేసారి పడేలా కెమెరాను మార్చి నొక్కాడు. రెండూ పంపారు.

విభాగం రెండు ఫైళ్లనూ పరిశీలించి, ఒకే ముఖంతో ఇద్దరు మనుషులున్నారని తేల్చింది. రెండోవాడి ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి కార్డు, చూపమంది. రామాంజులు చూపలేకపోయాడు. రెండోవాడు పారిపోయాడని కేసు రాసి, వాడు దొరికేదాకా మొదటివాడు దేశం దాటరాదని తీర్మానించింది.

ఆదివారం సుధారాణి పసివాడి ఫోటో పంపింది. చూస్తేనన్నా మనసు కరుగుతుందేమోనని రామాంజులు ఫోను బుడేన్ సాహెబ్ ముందు పెట్టాడు.

బుడేన్ సాహెబ్ నిజంగానే కరిగిపోయాడు. అద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"మాషా అల్లా! అచ్చం ఆ పారిపోయినోడి పోలికే నాయనా."