రైట్ రైట్ గారి రెండు విమానాలు

పొద్దున్న ఆరింటికల్లా రైట్ రైట్ తలకి నూనె రాసుకుని, బూట్లు తొడుక్కుని, గుమ్మంలో నిలబడ్డాడు. ఆయనకి అసలు పేరొకటి ఉంది గానీ, అది ఉందని ఆయన భార్యకి కూడా గ్యాస్ బిల్లు వచ్చినప్పుడే గుర్తొస్తుంది. ముప్ఫై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి కిందటేడు రిటైరైనా, ఊరు ఆయన్ని అలా పిలవడం మానలేదు. ఆయన జేబులోంచి విజిలూ బయటికి పోలేదు.

ఆ రోజు ప్లాను చిన్నదే. ఎనిమిదింటికి ఒక విమానం, పదిన్నరకి మధ్య ఊళ్లో దిగడం, పన్నెండున్నరకి ఇంకో విమానం, మూడింటికి చివరి ఊరు. ఐదింటికి ఆ ఊరి బస్టాండులో డ్రైవరు ఆఖరి ట్రిప్పు.

డ్రైవరంటే ఎవరనుకున్నారు? రైట్ రైట్‌తో ఇరవై రెండేళ్లు ఒకే బస్సులో తిరిగినవాడు. నాలుగేళ్ల కిందట ఆ దూరపు ఊరి డిపోకి మారిపోయాడు. వారం కిందట ఫోన్ చేశాడు. "ఒరేయ్, రిటైరైపోతున్నాను. మా మేనేజర్ని బతిమాలి ఒప్పించాను. ఆఖరి ట్రిప్పుకి విజిల్ నువ్వే వెయ్యాలి. ఇంకెవడు ఊదినా నేను గేరు వెయ్యను."

అంతే, రైట్ రైట్‌కి కాలు నిలవలేదు. ఆయనకి ఆలస్యం అంటే ఒంటికి పడదు మరి. ఆయన హయాంలో బస్సు ఎవరికోసమూ ఆగలేదు. ఒకసారి డ్రైవరుగారి అత్తగారే సంచీ పట్టుకుని చెయ్యూపుతూ పరిగెత్తుకొస్తుంటే, టైమైందని రెండు విజిళ్లు వేసేశాడు. పాపం డ్రైవరు, అద్దంలో చిన్నదైపోతున్న అత్తగారిని చూస్తూనే బండి పోనిచ్చాడు. ఆ రాత్రి ఇంట్లో ఏం జరిగిందో ఇప్పటికీ నోరు విప్పడు. ఆలస్యంగా వచ్చి తలుపు పట్టుకున్నవాళ్లకి రైట్ రైట్ ఎప్పుడూ ఒకే మాట అనేవాడు: "మీ ఒక్కరి కోసం ఇంతమంది ఆగాలా?"

టిక్కెట్టు కొన్న కూతురు గుమ్మం దాకా వచ్చింది. "నాన్నా, మధ్యలో దిగాలి. బ్యాగు జోలికి పోవద్దు, దాన్ని వాళ్లే రెండో విమానంలో వేస్తారు. నువ్వు బోర్డు చూసుకుని గేటు దగ్గరికెళ్లి కూర్చో. అంతే."

"నాకు చెప్తున్నావా తల్లీ? నేనెంతమందిని ఎక్కించాను, ఎంతమందిని దింపాను!"

"ఎక్కించావు, దింపావు. నువ్వెప్పుడన్నా ఎక్కావా?" అంది లోపల్నుంచి భార్య.

మొదటి విమానం బాగానే దిగింది. దిగనివాడు రైట్ రైట్ ఒక్కడే. అందరూ వెళ్లిపోయినా బెల్టు కూడా విప్పకుండా కూర్చున్నాడు. విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి, "దిగండి సార్" అంది.

"నా ఊరు ఇది కాదమ్మా. చివరిదాకా టిక్కెట్టుంది, చూసుకో."

"అవును సార్, కానీ విమానం మారాలి."

"ఎందుకు మారాలి? పంక్చరైందా?"

"లేదు సార్..."

"మరి? మా బస్సులో చివరి స్టాపు టిక్కెట్టు ఉన్నవాణ్ణి మధ్యలో దింపితే నా ఉద్యోగం ఊడేది. పూర్తి టిక్కెట్టు తీసుకుని సగంలో దింపుతారా?"

ఆ అమ్మాయి ఇంకో అమ్మాయిని పిలిచింది. ఆవిడ పైలట్‌ని పిలిచింది. పైలట్ వచ్చి, "ఈ విమానం ఇప్పుడు వెనక్కి, మీ ఊరికే వెళ్తుంది పెద్దాయనా" అన్నాక గానీ బెల్టు విప్పలేదు. అప్పటికి ఇరవై నిమిషాలు గడిచాయి.

బయటపడ్డాక కూతురు చెప్పింది గుర్తొచ్చింది. గుర్తొచ్చాక నమ్మకం పోయింది. బస్సు మారితే పైనున్న పెట్టె దానంతటదే దిగి పక్క బస్సెక్కడం ఆయన సర్వీసులో ఒక్కసారీ జరగలేదు. సామాను తిరిగే బెల్టు దగ్గరికి వెళ్లి కాపలా కాశాడు. ఎవరెవరివో పెట్టెలు వచ్చాయి, వెళ్లాయి. ఎర్ర సూట్‌కేసు ఒకటి నాలుగుసార్లు ఎదురుపడి ముఖపరిచయమైంది. ఆయన బ్యాగు రాలేదు.

"మీది ఇక్కడ రాదండీ, రెండో విమానానికి వెళ్లిపోయింది" అన్నాడు అక్కడి పనివాడు, చీటీ చూసి.

"ఎవరు తీసుకెళ్లారు? రసీదేది?"

"మీ చేతిలో ఉన్నదే రసీదు."

రైట్ రైట్ మొహం ముడుచుకుని, ఎదురుగా కనబడిన తలుపులోంచి బయటికి నడిచాడు. తలుపు వెనక మూసుకుంది. చూస్తే టాక్సీలు! లోపలికి పోబోతే కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇటు రావడమే గానీ పోవడం లేదు. పైకెళ్లి, మళ్లీ మొదట్నుంచి రండి."

మొదట్నుంచి అంటే తనిఖీ దగ్గర పాము తోకంత క్యూ. ఆయన వంతు వచ్చేసరికి పదకొండూ యాభై. గుమ్మంలాంటి యంత్రం కిందనుంచి వెళ్తే కుయ్యిమంది. జేబులోంచి విజిల్ బయటపడింది.

"ఏంటిది?" అన్నాడు తనిఖీ ఆఫీసరు.

మామూలు మనిషైతే 'విజిలండీ' అని ఊరుకుంటాడు. ఈయన నోట్లో పెట్టుకుని ఊదాడు. ఒక్కసారి, పొడుగ్గా.

ఒక విజిల్ అంటే ఆగమని. హాలు మొత్తం ఆగిపోయింది. ట్రేలు తోసేవాళ్లు తోయడం ఆపేశారు. సగం బెల్టు విప్పిన పెద్దమనిషి ప్యాంటు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎక్కడో పసిపిల్ల ఏడుపు కూడా ఠక్కున ఆగింది.

"ఏం చేశారయ్యా! ఒక్కడూ కదలట్లేదు!" ఆఫీసరు తల పట్టుకున్నాడు.

"కదిలిస్తా ఉండండి" అని రైట్ రైట్ రెండు విజిళ్లు వేశాడు. "రైట్ రైట్! ముందుకు జరగాలి, బెల్టులు చేత్తో పట్టుకోవాలి, చిల్లర ముందే తీసి ఉంచుకోవాలి!" క్యూ జరజరా కదిలింది. పావుగంట పని ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఆఫీసరు కోప్పడాలో చెయ్యి కలపాలో తెలియక, విజిల్ జేబులో పెట్టుకోమని సైగ చేసి, "ముందు మీరు వెళ్లండి సార్" అన్నాడు.

గేటు దగ్గరికి చేరేసరికి జనం మెట్లు దిగి కింద బారులు తీరుతున్నారు. విమానం దూరంగా ఆగి ఉందట. అక్కడికి తీసుకెళ్లడానికి గుమ్మం ముందు ఏముంది? బస్సు!

రైట్ రైట్ కళ్లు మెరిశాయి. పొద్దుట్నుంచి పరాయి ఊళ్లో తిరిగినవాడికి సొంత వీధి కనబడినట్టైంది. జనం తలుపు దగ్గరే గుమికూడి నిలబడ్డారు, లోపలంతా ఖాళీ. చూసి ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు.

"లోపలికి జరగండమ్మా! మధ్యలో బోలెడు ఖాళీ ఉంది! బాబూ, ఆ సంచీ భుజం మీంచి దింపు, ముందాయన ముక్కు పోతుంది!"

జనం జరిగారు. చివర్లో ఒక ముసలావిడ చేతిసంచీతో ఆయాసపడుతూ వస్తోంది. రైట్ రైట్ ఎదురెళ్లి సంచీ అందుకుని, ఆవిడని చెయ్యి పట్టి ఎక్కించాడు. వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. బస్సు ఒంటి మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, రెండు విజిళ్లు వేశాడు.

"రైట్ రైట్!"

ఆ డ్రైవరు ఎవరో గానీ, వెనకటికి ఊరి బస్సు నడిపినవాడై ఉండాలి. విజిల్ చెవిన పడగానే తలుపులు మూసుకున్నాయి, బస్సు కదిలింది. అలవాటు ప్రకారం రైట్ రైట్ నాలుగడుగులు పరిగెత్తి ఫుట్‌బోర్డు మీదికి ఎగరబోయాడు. ఈ బస్సుకి ఫుట్‌బోర్డు లేదు. పట్టుకోవడానికి కడ్డీ కూడా లేదు. అద్దంలోంచి ముసలావిడ ఆయనకి టాటా చెప్పింది.

జాబితా పట్టుకున్న ఉద్యోగిని పరుగున వచ్చింది. "ఎవరు సార్ మీరు?"

"ఆ బస్సు కండక్టర్ని... కాదమ్మా, ప్యాసింజర్ని!"

"ఇదే ఆఖరి బస్సు సార్! మీరెందుకు ఎక్కలేదు?"

ఆయన వెళ్లిపోతున్న బస్సు వైపు చూశాడు. పై ప్రాణాలు పైనే పోయాయి. అవతల చివరి ఊళ్లో తన డ్రైవరు గేరు వెయ్యకుండా కూర్చునుంటాడు. ఈయన తన చేతులతో, తన నోటితో, తనని తానే వదిలేసి బండి పంపించేశాడు.

ఉద్యోగిని ఫోన్‌లో గబగబా మాట్లాడింది. "మీ అదృష్టం సార్. మీ బ్యాగు విమానంలో ఉంది, మీరు లేరు. మనిషి లేకుండా బ్యాగు పోకూడదు. దాన్ని వెతికి దింపాలంటే గంట. మిమ్మల్ని ఎక్కించాలంటే పావుగంట. జీపు వస్తోంది."

పొద్దున్న తను నమ్మని బ్యాగే ఇప్పుడు తన తరఫున సీటు పట్టుకుని కూర్చుంది.

జీపు ఎక్కడో తిరిగి వచ్చేసరికే చాలా సేపైంది. ఈలోపు విమానం ఎగిరే వంతు పోయి, ఇంకో వంతు వచ్చేదాకా ఆగాల్సొచ్చింది. తలుపులో రైట్ రైట్ తల కనబడగానే నూట ఎనభై తలలు ఇటు తిరిగాయి. మూడో వరసలో ఒకాయన గట్టిగానే అన్నాడు: "మీ ఒక్కరి కోసం ఇంతమంది ఆగాలా?"

ముప్ఫై ఏళ్లుగా తను పంచిపెట్టిన మాట అది. ఇన్నాళ్లకి తన వంతుకొచ్చింది. తలొంచుకుని వెళ్లి సీట్లో కూర్చుని, ఎవరూ చెప్పకుండానే బెల్టు పెట్టుకున్నాడు.

విమానం గంటా పావు ఆలస్యంగా దిగింది. బ్యాగు మాత్రం ఆయనకంటే ముందే వచ్చి బెల్టు మీద తిరుగుతోంది. టాక్సీలో వెనక సీట్లో కూర్చుని దారి పొడుగునా "జరగండి, జరగండి" అంటూనే ఉన్నాడు. బస్టాండులోకి అడుగుపెట్టేసరికి గోడ గడియారం ఐదూ ఏడు.

బస్సు ఉంది. ఇంజను ఆపి ఉంది. జనం గొణుగుతున్నారు. డ్రైవరు స్టీరింగు మీద మోచేతులు పెట్టుకుని గేటువైపే చూస్తున్నాడు.

"ఏడు నిమిషాలు ఆపానురా! నా సర్వీసులో మొదటిసారి!"

"తప్పైపోయింది గురూ."

"నాతో కాదు. ముందు సీట్లో ఉన్నావిడతో చెప్పుకో."

రైట్ రైట్ తొంగి చూశాడు. తెల్లటి జుట్టు, ఒళ్లో సంచీ. డ్రైవరుగారి అత్తగారు.

ఆవిడ కళ్లజోడు సవరించుకుని ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది. "ఏం నాయనా, చెయ్యూపుతూ పరిగెత్తుకొచ్చావా?"

"వచ్చానండి, పిన్నిగారూ."

"ఆపారుగా నీ కోసం. బాగుంటుంది కదూ, ఆపితే?"

బస్సంతా నవ్వింది. అందరికంటే గట్టిగా, ఇరవై ఏళ్ల బాకీ తీరినట్టు, డ్రైవరు నవ్వాడు. ఇంజను స్టార్టయింది. రైట్ రైట్ విజిల్ తీసి, అలవాటుగా కిందే నిలబడి నోట్లో పెట్టుకున్నాడు. ఒక్క క్షణం ఆగి, మళ్లీ జేబులో వేసుకున్నాడు.

ఈసారి ముందు ఎక్కి, తర్వాత ఊదాడు.