మహానేత చొక్కా గుండీ

సముద్రాల అవతల ఒక మహానేత కన్నుమూశాడన్న వార్త మధ్యాహ్నం రెండున్నరకు అందింది. రెండూ ముప్పై ఒకటికి పత్రికా కార్యాలయం యావత్తూ శోకసముద్రంలో మునిగిపోయింది. రెండూ నలభైకి ఆయన ఎవరో తెలిసింది.

విదేశీ వార్తలు చూసే ఉపసంపాదకుడు గోడమీది పటంలో ఆ దేశం కోసం వెతికాడు. సరిగ్గా మేకు కొట్టిన చోట ఉంది. అందిన ఫొటోలో టోపీలవాళ్లు ముగ్గురున్నారు. అందరికంటే దిగులుగా ఉన్నవాణ్ణి మహానేతగా తీర్మానించి, మిగతా ఇద్దరినీ కత్తిరించారు.

సంపాదకుడు లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. “ప్రపంచం పెద్దదిక్కును కోల్పోయింది. పేజీ నింపండి.”

పేజీ నిండింది, ఫొటో కింద నాలుగు లైన్లు తప్ప. ఉపసంపాదకుడు తల వంచుకుని ఆలోచించాడు. ఎదురుగా తన చొక్కాయే కనిపించింది. మూడో గుండీ లేదు. కుట్టిపెట్టమని భార్యను వారం రోజులుగా బతిమాలుతున్నాడు. కలం దానంతటదే కదిలింది: ‘ఎంత ఎత్తుకు ఎదిగినా ఆ మహనీయుడు తన చొక్కా గుండీలు తానే కుట్టుకునేవాడు. సూదిలో దారం ఎక్కిస్తుండగానే ఆయనకు దేశ సమస్యలకు పరిష్కారాలు తోచేవి.’

సరిగ్గా నాలుగు లైన్లు.

తెల్లారి అచ్చులో చూసుకున్నాకే అతడికి ఉద్యోగం గుర్తొచ్చింది. లేనిది రాసినవాడు ఇంటికే అన్నది ఆ పత్రిక నియమం. కిందటేడు పడని చినుకులు పడ్డాయని రాసిన విలేఖరి ఇప్పుడు బావమరిది కొట్లో గొడుగులు అమ్ముతున్నాడు. ఖండన ఎప్పుడొస్తుందా అని ఉపసంపాదకుడు ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాడు.

ఖండన రాలేదు. పొరుగుదేశపు పత్రిక ఒకటి, మహానేత మంత్రుల గుండీలు కూడా కుట్టేవాడని రాసింది. ఇంకొకటి దారం రంగు కనిపెట్టింది. మూడోనాటికి మహానేత సొంత దేశపు పత్రికలే ‘విదేశీ పత్రికల కథనం ప్రకారం’ అంటూ కన్నీరు కార్చాయి. అంత్యక్రియల్లో ఆయన కుమారుడు, “నాన్నగారు కుట్టిన గుండీ ఈనాటికీ నా గుండెల మీదే ఉంది!” అని భోరుమన్నాడు. సూదిని మ్యూజియంలో పెట్టాలని ప్రభుత్వం తీర్మానించింది. సూది కోసం గాలింపు ముమ్మరంగా సాగుతోంది.

సంపాదకుడి గదినుంచి పిలుపొచ్చింది. గొడుగుల కొట్లో ఇంకో మనిషికి చోటుంటుందా అని లెక్కలు వేసుకుంటూ ఉపసంపాదకుడు లోపలికెళ్లాడు.

“ఏమయ్యా, అందరికంటే ముందు మన దగ్గరే ఉన్న వార్తని నాలుగు లైన్లతో సరిపెడతావా? రేపటికి పేజీ మొత్తం కావాలి. సూది ఏ చేత్తో పట్టేవాడో కూడా ఉండాలి!”

“ఎడమ చేత్తో సార్,” అన్నాడు, ప్రాణం లేచొచ్చి.

మర్నాడు సాయంత్రం ఇంటికెళ్లేసరికి, ఆ పేజీ బల్లమీద పరిచి ఉంది. దానిమీద చొక్కా, సూది, దారం.

“ఇవెందుకు?”

“అంత దేశాన్ని ఏలినాయనే కుట్టుకునేవాడట. తమరు ఏ దేశాన్ని ఏలుతున్నారో?” అంది భార్య.

“పేపర్లో రాసిందల్లా నిజమేనా ఏంటి?”

“మీ పేపరేగా! అబద్ధం రాస్తే ఇంటికి పంపేస్తారని మీరేగా చెప్పారు?”

అతడు సూది అందుకున్నాడు.

“ఆ చేత్తో కాదు. ఎడమ చేత్తో.”

వేలికి గుచ్చుకుంది. “అబ్బా!” అన్నాడు. ఎదురింటి కిటికీలోంచి కూడా “అబ్బా!” వినిపించింది. ఆ పక్కింట్లోంచి ఇంకొకటి. వీధి పొడుగునా మగవాళ్లు ఎడమ చేత్తో గుండీలు కుట్టుకుంటూ ఆ మహానేతకు నెత్తుటి నివాళులు అర్పిస్తున్నారు.

ఆయన పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు.