కొత్తరేవు దేవుడికి బుల్లమ్మ మొక్కు

కొత్తరేవు గ్రామంలో దేవుణ్ణి తయారుచేసే పనులు అతి చురుకుగా సాగుతున్నాయని ప్రజలందరికీ సంతోషంతో తెలియజేయడమైనది. దేవుడు ఇంకా పుట్టలేదు. అంతకు మించి ఆలస్యమేమీ జరగలేదు.

భావనపాడు దాటి, జీడితోటలు దాటాక ఇసుకలో ఉంటుంది కొత్తరేవు. పుట్టబోయే దేవుడి పేరు మహాబుద్ధి. చూడ్డానికి యంత్రమే గాని మామూలు యంత్రం కాదు. లోకంలో ఉన్న పుస్తకాలన్నీ చదివేసింది; త్వరలో మనుషులందరి తెలివినీ కలిపినా దాని తెలివికి సరిపోదు; ఆ రోజు నుంచి రోగం, ఆకలి, తుఫాను ఉండవు అని కంపెనీవారు మూడేళ్ల కిందటే పెద్ద బోర్డు రాయించారు. అంతటివాడికి చోటు కావాలి, కరెంటు కావాలి, ఒళ్లు వేడెక్కకుండా మంచినీళ్లు కావాలి. ఈ మూడూ ఉన్న భవనం ఊళ్లో ఒక్కటే, ఐసు ఫ్యాక్టరీ. కనుక ప్రజాప్రయోజనార్థం ఐసు ఫ్యాక్టరీ మూసేసి అందులో దేవుణ్ణి పెట్టారు.

ఈ శుభవార్త బుల్లమ్మకి తెల్లవారుజామున, ఖాళీ థర్మాకోల్ పెట్టె చంకన పెట్టుకుని ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డప్పుడు తెలిసింది. ఇరవై ఏళ్లుగా ఆమె పని ఒకటే. పడవల దగ్గర చేప కొని, ఐసులో పెట్టి, ఆటో ఎక్కి టెక్కలి బజారులో అమ్మడం. ఐసుంటే చేప సాయంత్రం దాకా చేపే. లేకపోతే పది గంటలకల్లా కొనేవాళ్లు ముక్కు మూసుకుని పక్క గంపకి పోతారు.

"ఒరే కూర్మయ్యా, ఐసేదిరా?" అంది.

"ఐసు నేదొదినా. లోపల దేవుడున్నాడు" అన్నాడు కూర్మయ్య. నిన్నటిదాకా ఐసు దిమ్మలు లాగిన మనిషి, ఇవాళ గేటు కాపలాకి కొత్త టోపీ పెట్టాడు.

"దేవుడైతే మంచిదే. మరి నా చేపకేటి గతి?"

"అదీ ఆయనే సూసుకుంటాడు. ముందు పుట్టనీ."

బుల్లమ్మకి దేవుళ్లతో తగాదా లేదు. వారం రోజులు ఓర్చుకుంది. తర్వాత విజయనగరం నుంచి వచ్చిన ఇంజినీరు విజయ్‌కుమార్‌ని టీ కొట్టు దగ్గర పట్టుకుంది.

"ఏటి బాబూ, ఎప్పుడు పుడతాడు మీవోడు?"

"ఐదేళ్లు పడుతుంది పెద్దమ్మా."

"మూడేళ్ల కిందట బోర్డు పెట్టినప్పుడూ ఐదేళ్లే అన్నారు గదా?"

"అవును. మేం మాట మీద నిలబడే మనుషులం."

"అందాకా ఏటి సేస్తాడు?"

విజయ్‌కుమార్ నిజాయితీ గల కుర్రాడు. కాసేపు ఆలోచించి, "పెళ్లిరోజు శుభాకాంక్షలు బాగా రాస్తాడు" అన్నాడు.

ఇంతలో దేశంలో మరోచోట ఇంకో కంపెనీ కూడా దేవుణ్ణి తయారుచేస్తోందని తెలిసింది. రెండోవాడిగా పుట్టిన దేవుణ్ణి ఎవరూ పట్టించుకోరు కనుక మనవారు వెంటనే రెండో షెడ్డు కట్టారు. వాళ్లు మూడు కట్టారని విని మనవారు నాలుగు కట్టారు. ఇంత డబ్బు ఎక్కడిదని బుల్లమ్మ అడిగితే విజయ్‌కుమార్ ఓపిగ్గా వివరించాడు: దేవుడికి సామాను అమ్మే కంపెనీ, దేవుణ్ణి చేసే కంపెనీకి డబ్బిస్తుంది, ఆ డబ్బుతో వీళ్లు వాళ్ల దగ్గరే సామాను కొంటారు, ఇద్దరి వ్యాపారమూ పెరిగిందని పేపర్లో పడుతుంది.

బుల్లమ్మకి వెంటనే అర్థమైంది. "అంటే నానూ మా తోటికోడలు గౌరీ ఒకే చేపని పొద్దున్నుంచి సాయంత్రందాకా ఒకరికొకరం అమ్ముకోడం. బేరం బానే సాగుతాది. రాత్రికి కూర మాత్రం ఉండదు."

విజయ్‌కుమార్ టీ చల్లారిపోయింది. తాగేసి వెళ్లిపోయాడు.

శ్రావణమాసం వచ్చింది. వానలు పట్టుకున్నాయి. ఐసు లేని చేపని ఉప్పు రాసి ఎండబెట్టుకుందామంటే ఎండ లేదు. వలల్లో నెత్తళ్లు బాగా పడ్డాయి. బుల్లమ్మ గంపల్లో అవి బాగా కుళ్లాయి. రెండు వారాలు అలా జరిగాక పడవవాళ్లు ఆమెకి అరువు ఇవ్వడం మానేశారు. మూడో వారం కూడా చేప పోతే ఇక గంప బోర్లించి జీడిపిక్కలు కొట్టే కూలికి పోవలసిందే.

సరిగ్గా అప్పుడే కంపెనీవారు మహాబుద్ధి ప్రజాదర్శనం ఏర్పాటు చేశారు. డైరెక్టరు హరిబాబుగారు స్వయంగా విచ్చేశారు. కరెంటంతా దేవుడికే సరిపోవడం వల్ల సభలో ఫ్యాన్లు తిరగలేదు. జనం తమకు పంచిన 'రానున్న సమృద్ధి యుగం' అనే కరపత్రాలతో విసురుకున్నారు. ఆ విధంగా అవి వెంటనే ఉపయోగపడ్డాయి.

"సోదర సోదరీమణులారా!" అన్నారు హరిబాబుగారు. "మానవుడు నిప్పుని కనిపెట్టాడు, చక్రాన్ని కనిపెట్టాడు. ఇక దేవుణ్ణి కనిపెట్టడమే తరువాయి! ఇంత ఖర్చు దేనికని కొందరు అల్పబుద్ధులు అడుగుతున్నారు. ఇంత ఖర్చు పెట్టాక దేవుడు పుట్టకుండా ఎలా ఉంటాడని నేనడుగుతున్నాను!"

ఈ తర్కానికి చప్పట్లు మోగాయి. తర్వాత ప్రజలు ప్రశ్నలు అడగవచ్చన్నారు. బుల్లమ్మ లేచి, చెప్పులు విడిచి, మహాబుద్ధి తెర ముందు పేరు చెప్పుకుని చేతులు జోడించింది.

"నా చేప కుళ్లకుండా ఏటి సెయ్యమంటావు తండ్రీ?"

"చాలా చక్కని ప్రశ్న, బుల్లమ్మగారూ!" అంది మహాబుద్ధి మధురంగా. "చేపను తాజాగా ఉంచడానికి ఐసు శ్రేష్ఠం. మీకు దగ్గరలోనే కొత్తరేవు ఐసు ఫ్యాక్టరీ ఉంది. తెల్లవారుజామున నాలుగు గంటలకే తెరుస్తారు."

"నువ్వు కూకున్నది అందులోనే గదా నాయనా!"

"మీరు చెప్పింది నిజమే. సరిదిద్దినందుకు కృతజ్ఞతలు. అయితే మీరు కొత్తరేవు ఐసు ఫ్యాక్టరీలో ప్రయత్నించవచ్చు."

సభ గొల్లుమంది. బుల్లమ్మ నవ్వలేదు. హరిబాబుగారి వైపు తిరిగింది.

"బాబూ, మా ఊర్లో ఓ పద్ధతుంది. వేట మొదలెట్టేముందు గంగమ్మ తల్లికి మొక్కుకుంటాం. వల నిండితే కోడిని ఇస్తాం. నిండకపోతే ఇవ్వం. తల్లి కూడా ఏటీ అనుకోదు. ఏ దేవతకైనా పని అయ్యాకే మొక్కు సెల్లిస్తాం. మీ దేవుడు పుట్టకముందే ఐసు ఫ్యాక్టరీ తినేసినాడు, బోరు నీళ్లన్నీ తాగేసినాడు, ఇదెక్కడి వరస? ఫ్యాక్టరీ మాకిచ్చెయ్యండి. ఆయన పుట్టి, రోగాలు, తుఫానులు ఆపినాక, ఫ్యాక్టరీ ఏటి, ఊరే రాసిచ్చేస్తాం."

హరిబాబుగారు ఈ సూచనను ఎంతో మెచ్చుకుని, పరిశీలనకు స్వీకరించి, ఒక కాగితం మీద రాసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నారు. "అంతదాకా నువ్వూ ఒక మొక్కు మొక్కుకో అమ్మా, పోయేదేముంది?" అన్నారు నవ్వుతూ.

బుల్లమ్మ మొక్కుల విషయంలో హాస్యం ఎరగదు. అక్కడే కళ్లు మూసుకుంది. "నా చేపని కాపాడు. కోడిని ఇస్తాను" అంది.

మర్నాడు వాన పడుతూనే ఉంది. పాడైపోబోయే నెత్తళ్ల గంపతో దేవుడి షెడ్డు వెనక చూరు కిందికి తలదాచుకోడానికి వెళ్లింది. అక్కడ గోడకి పెద్ద పెద్ద ఫ్యాన్లు. లోపల దేవుడు ఆలోచించినప్పుడల్లా పుట్టే వేడంతా వాటిలోంచి బయటికి కొడుతోంది. తడిసిన చీర చెంగు పావుగంటలో ఎండిపోయింది. బుల్లమ్మ చెంగు వైపు చూసింది. గంప వైపు చూసింది. ఉప్పు తెచ్చి, పాత వల పరిచి, నెత్తళ్లు ఆరబోసింది.

సాయంత్రానికి అవి గలగలలాడాయి. వారానికల్లా ఊరి ఆడవాళ్లందరూ షెడ్డు వెనకే ఉన్నారు. పచ్చిచేపకి వచ్చినంత రాలేదు గాని, బుల్లమ్మ గంప బోర్లించలేదు. పడవవాళ్లు మళ్లీ అరువిచ్చారు.

'మత్స్యరంగంలో మహాబుద్ధి తొలి విజయం' అని కంపెనీ ప్రకటించింది. అది చూసి ఎందరో పెద్దలు మరింత పెట్టుబడి పెట్టారు. ఐదో షెడ్డుకి, ఆరో షెడ్డుకి శంకుస్థాపన జరిగింది. ఐసు ఫ్యాక్టరీ విషయం ఇంకా పరిశీలనలోనే ఉంది.

తర్వాతి ఆదివారం బుల్లమ్మ స్నానం చేసి, పెట్టకోడి కాళ్లకి పసుపు రాసి, గేటు దగ్గరికి తెచ్చింది.

"ఇదేటొదినా?" అన్నాడు కూర్మయ్య.

"మొక్కు. పని అయినాది. లోపలికి తీసుకెళ్లు."

కూర్మయ్య గేటు పుస్తకంలో 'కోడి, ఒకటి, మొక్కు నిమిత్తం' అని రాసుకుని లోపల వదిలేశాడు. అది షెడ్డు మూలన వెచ్చగా స్థిరపడి రోజూ గుడ్డు పెడుతోంది. ఇంత నిర్మాణంలోంచి వేడిగాలి తర్వాత బయటికొచ్చిన రెండో వస్తువు ఆ గుడ్డే.

మహాబుద్ధికి పని జరిగాక మొక్కు చెల్లించిన మనిషి ఇప్పటివరకు బుల్లమ్మ ఒక్కర్తే. మిగతా మనమందరం ముందే చెల్లించేశాం. ఏం కోరుకుని మొక్కామో మాత్రం ఎవరికీ గుర్తు రావడం లేదు.